ఖరగ్‌పూర్ ఎండుటాకులు: కూలి ఇచ్చేది ఊడ్చినందుకా, కాల్చినందుకా?

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెల్లవారుజామునే చీపుళ్ల చప్పుడు మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఎదిగిన పట్టణమిది. పాత క్వార్టర్ల చుట్టూ విశాలమైన ఆవరణలు, వాటినిండా వేప, మామిడి, రావి, నిద్రగన్నేరు చెట్లు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రోజుల్లో ఒక పని తప్పదు. ఓ తోటమాలినో, వ్యాన్ రిక్షా ఉన్న కూలీనో పిలిచి ఆకులు తీయించాలి. బేరం డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ముగుస్తుంది. ఆకులు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న సాధారణంగా రాదు. మర్నాడు ముంగిలి శుభ్రంగా ఉంటుంది, వీధి చివర పొగ లేస్తుంటుంది.

ఆకు రాలడమంటే శరత్కాలపు సంగతి అనుకోవడం పాశ్చాత్య పుస్తకాల ప్రభావం. మన లెక్కలో ఆకురాలు కాలం శిశిరం, అంటే మాఘ ఫాల్గుణ మాసాలు. చల్లని దేశాల్లో పగటి నిడివి తగ్గడం, చలి ముదరడం చెట్టుకు సంకేతాలు. ఇక్కడ అసలు సమస్య నీరు. వానలు ఆగి నెలలు గడిచాక నేలలో తేమ తగ్గుతుంది. ఆకు ఉన్నంతకాలం దాని రంధ్రాల గుండా నీరు ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి చాలా చెట్లు ఆకును వదిలించుకుంటాయి. కాడ మొదట్లో కణాల పొర ఒకటి బలహీనపడుతుంది. ఆ తర్వాత చిన్న గాలి చాలు.

రైల్వే ఊరు కాబట్టి ఇక్కడో మాట. బ్రిటన్‌లో ఆకులు రాలేది తడి వాతావరణంలో. రైలు చక్రాల కింద నలిగిన తడి ఆకులు పట్టాలపై నల్లటి జారుడు పొరగా అతుక్కుంటాయి. దాన్ని వదిలించడానికి అధిక పీడన నీటిని చిమ్మే ప్రత్యేక రైళ్లు నడుపుతారు. ఖరగ్‌పూర్‌కు ఆ బాధ లేదు. ఇక్కడి ఆకు ఎండలో రాలుతుంది, నలిగితే పొడై ఎగిరిపోతుంది. కానీ ఆ పొడితనమే అగ్గిపుల్లను పిలుస్తుంది.

రాలే ముందు చెట్టు ఆకులోని నత్రజని, భాస్వరాల్లో సుమారు సగాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. కాల్షియం మాత్రం చాలావరకు ఆకులోనే ఉండిపోతుంది. కింద పడిన ఆకులో ఒక వంతు నత్రజనికి 50 వంతులో, అంతకుమించో కార్బన్ ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30 వంతులైతే అనుకూలం. ఎండుటాకుల పోగు నెలల తరబడి అలాగే పడి ఉండడానికి ఇదొక కారణం, తేమ లేకపోవడం మరొకటి.

ఇక ఆకులు తీసే మనిషి లెక్క చూద్దాం. వదులుగా పోసిన ఎండుటాకులు ఘనపు మీటరుకు కొన్ని పదుల కిలోలే తూగుతాయి. అదే పరిమాణంలో నీరు 1000 కిలోలు. అంటే వ్యాన్ రిక్షాలో అతను తొక్కుకెళ్లేది ఎక్కువగా గాలినే. ఒక పెద్ద ఆవరణకు ఎన్నో తడవలు తిరగాలి, దూరం పోయి పారబోయాలి. ఇచ్చిన కూలి అందుకు చాలదు. రెండు రూపాయల అగ్గిపెట్టె ఆ శ్రమంతా తీసేస్తుంది. కనుక తప్పంతా అగ్గిపుల్ల గీసిన చేతిదే అనడం న్యాయం కాదు. ఆకు మాయం కావాలని మాత్రమే బేరం కుదిరినప్పుడు, మాయం చేసే చవకైన దారి నిప్పే.

ఆ నిప్పు మండే తీరు కూడా మంచిది కాదు. అడుగున మంచుకు తడిసిన ఆకులుంటే, గాలి సరిగా ఆడకపోతే పోగు మంటగా మండదు, గంటల తరబడి కమురుతుంది. అలాంటప్పుడు కార్బన్ మోనాక్సైడ్, సూక్ష్మ ధూళికణాలు, బెంజీన్ వంటివి ఎక్కువగా వెలువడతాయి. ఊడ్పులో కలిసిన ప్లాస్టిక్ సంచి కూడా అందులోనే కాలుతుంది. ఊడ్చేది తెల్లవారుజామున. ఆ వేళకు రాత్రంతా వేడిని వదిలిన నేలను ఆనుకుని చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి పొర మూతలా ఉంటాయి. పొగ పైకి పోలేక మనుషులు పీల్చే ఎత్తులోనే పరుచుకుంటుంది. పీఎం 2.5 ధూళికణాలకు మన దేశంలో 24 గంటల ప్రమాణం ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. అందరికంటే ఎక్కువ పొగ పీల్చేది పోగు పక్కనే నిలబడి కర్రతో ఎగదోసే కూలీ.

డోల్ పూర్ణిమ ముందు రాత్రి బెంగాలీలు ఎండుటాకులు, కొమ్మలు కాల్చే ‘న్యాడా పోడా’ ఆచారం, మన కామదహనం లాంటిదే, ఏడాదికి ఒక రాత్రి. నెలంతా ప్రతి ఉదయం రగిలే పోగులు వేరే సంగతి.

‘బూడిద కూడా ఎరువే కదా’ అనేవారున్నారు. సగం నిజం. పొటాషియం, కాల్షియం బూడిదలో మిగులుతాయి. నత్రజని చాలావరకు, కార్బన్ దాదాపు అంతా గాలిలో కలుస్తాయి. ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఉన్నది సేంద్రియ పదార్థం తక్కువగా ఉండే ఎర్రటి లాటరైట్ నేల. ఆ నేలకు కొరతగా ఉన్నది సరిగ్గా ఆ కార్బనే.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్తను కాల్చడం, కాల్వల్లో పారేయడం నిషేధించాయి. తోట చెత్తను ఆవరణలోనే విడిగా ఉంచాలన్నాయి. బాధ్యతను చెత్త పుట్టిన ఇంటిమీదే పెట్టాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని దేశమంతటికీ వర్తించే ఆదేశమిచ్చింది.

అందుకే బేరంలో మొదటి మాట చోటు గురించి ఉండాలి. ‘ఆకులు బయటికి పోనక్కర్లేదు, ఈ మూలన గుంట తీసి అందులో వెయ్యి’ అంటే కూలీ పని స్వరూపమే మారుతుంది. మోసే తడవలు తగ్గుతాయి, తవ్వే పని పెరుగుతుంది. దానికి తగిన కూలి మాట్లాడుకోవాలి. ముక్కుకు గుడ్డ, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు ఇవ్వాలి. పాత పోగుల్లో తేళ్లు, పాములు ఉంటాయి. అన్ని ఆకులూ ఎత్తనక్కర్లేదు కూడా. చెట్ల పాదుల్లో పరిస్తే ఎండాకాలంలో నేల తేమ నిలుస్తుంది. కాల్వల్లోవి, పైకప్పు నీటి గొట్టాల్లోవి మాత్రం కాలవైశాఖి గాలివానలు మొదలయ్యేలోగా తీసితీరాలి.

గుంట లేదా పోగు కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే మేలు. వేడి పుట్టేది లోపలంతా, పోయేది ఉపరితలం నుంచి మాత్రమే. కొలతలు రెట్టింపైతే పరిమాణం ఎనిమిది రెట్లు, ఉపరితలం నాలుగు రెట్లే పెరుగుతుంది. చిన్న పోగు అందుకే చల్లారిపోతుంది. ఆకులను నలిపి, పొరల మధ్య పేడనీళ్లో కూరగాయల తొక్కలో వేస్తే నత్రజని లోటు తీరుతుంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ చాలు. లోపల 55 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కవచ్చు. అప్పుడప్పుడూ తిరగేసి గాలి ఆడనివ్వాలి. మామిడి, పనస ఆకులపై మైనపు పొర మందం, అవి మొండికేస్తాయి. వాటిని విడిగా వేసి మరికొన్ని నెలలు వదిలేయడమే.

ఫాల్గుణంలో నింపిన గుంట వానలు పూర్తయ్యేసరికి సగానికి పైగా కుంగిపోతుంది. దసరా రోజుల్లో తవ్వి చూస్తే ఆకు ఆకారం కనిపించకుండా నల్లగా, తొలకరి మట్టి వాసనతో ఉంటే తయారైనట్టే. ఈనెలు ఇంకా మిగిలి ఉంటే జల్లెడ పట్టి, వచ్చే శిశిరం ఆకుల మీద తోడులా చల్లుకోవచ్చు.