ఇంజనాయిలు ఎన్నాళ్లకు పాతబడుతుంది?

ఖమ్మం నుండి వైరా మీదుగా వచ్చే రోడ్డు తల్లాడ కూడలిలో రెండుగా చీలుతుంది. ఒకటి సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేటకు పోతుంది. రెండోది ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం బొగ్గుగనుల వైపుకు, అటు నుండి భద్రాచలం అడవుల్లోకి పోతుంది. అందుచేత ఈ కూడలిలో ఒక గంట నిలబడితే చాలు, రకరకాల ఇంజన్లు మన కళ్ల ముందు నుండి సాగిపోతాయి. లారీలు, బస్సులు, మిరప బస్తాల ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు! ఈ బండ్లవాళ్లను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "ఇంజనాయిలు ఎప్పుడు మారుస్తారు?" ఒకాయన ఐదువేల కిలోమీటర్లకంటాడు. ఇంకొకాయన పదివేలంటాడు. మూడో ఆయన "నల్లబడగానే" అంటాడు. ట్రాక్టరు రైతు కిలోమీటర్ల ఊసే ఎత్తడు. "రెండు వందల యాభై గంటలకు" అంటాడు.

వీరిలో ఎవరి మాట నిజం? ఇది తేలికగా తీసుకోవలసిన ప్రశ్న కాదు. ఆలస్యం చేస్తే ఇంజను బోరుకు వస్తుంది. సరిగ్గా దుక్కుల వేళ ట్రాక్టరు షెడ్డులో పడి ఉంటే ఆ రైతు నష్టం బోరింగు ఖర్చుతో పోదు. పోనీ, తొందరగా మారిస్తే? చిన్న కారుకు ఒకసారికి సుమారు మూడున్నర లీటర్ల ఆయిలు పడుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగేలోగా ఐదువేలకొకసారి మార్చే ఆయన 70 లీటర్లు పోయిస్తాడు. పదివేలకు మార్చే ఆయనకు 35 లీటర్లతో సరిపోతుంది.

అసలు ఈ నూనె చేసే పనేమిటో ముందు చూద్దాం. ఎడ్లబండి తోలిన తాతలు మీ ఊళ్లో ఉంటే కందెన గురించి అడగండి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పూసేవారు. అది లేకపోతే చక్రం కీచుమని అరిచేది, ఇరుసు అరిగిపోయేది. ఆముదం మన బండ్లకే కాదు, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమానాల ఇంజన్లకు కూడా కందెనగా పనిచేసింది. 1909లో ఇంగ్లండులో వచ్చిన క్యాస్ట్రాల్ అనే ఆయిలు పేరు కూడా ఆముదానికున్న ఇంగ్లీషు పేరు 'క్యాస్టర్' నుండి పుట్టినదే.

ఇంజనులో పిస్టన్ సిలిండరు గోడను నేరుగా తాకకూడదు. వాటి నడుమ తల వెంట్రుక కంటె ఎంతో పలచని నూనె పొర ఉండాలి. ఆ పొరను నిలబెట్టే గుణం నూనె చిక్కదనం. మీ భౌతికశాస్త్ర పుస్తకంలో దీనినే స్నిగ్ధత అన్నారు. రాపిడిని తగ్గించడమే కాక, నూనె వేడిని మోసుకుపోతుంది, తుప్పు పట్టనివ్వదు, మసిని కడుగుతుంది. ఈ ఆఖరి పని దగ్గరే మన మూడో ఆయన పొరబడ్డాడు.

ఇంధనం మండినప్పుడు సన్నని మసి పుడుతుంది. అది ఇంజను లోపలి గోడలకు అంటుకొని గట్టిపడకుండా, ఆయిలులో సబ్బు వంటి పదార్థాలు కలుపుతారు. ఇవి ఒక్కొక్క మసి నలుసును చుట్టుముట్టి నూనెలోనే తేలేటట్లు ఉంచుతాయి. అందుకే నూనె నల్లబడుతుంది. డీజిలు ఇంజనులోనైతే కొత్త ఆయిలు పోసిన కొద్ది రోజులకే నల్లగా మారుతుంది. బట్టలు ఉతికిన నీళ్లు నల్లగా వస్తే సబ్బు పనిచేసిందనుకుంటాం కదా! ఇక్కడా అంతే. నిజానికి ఎన్నివేల కిలోమీటర్లు తిరిగినా నూనె తేటగానే ఉంటే, మసి ఎక్కడ పేరుకుంటున్నదో అని అనుమానించాలి.

మరి నూనె పాతబడడం అంటే ఏమిటి? అది బూటు అడుగులా రాపిడికి అరిగిపోయేది కాదు. నూనె పాతబడడమంటే ముఖ్యంగా రెండు సంగతులు. మొదటిది, అందులో కలిపిన పదార్థాలు ఖర్చయిపోవడం. రెండోది, బయటివి వచ్చి చేరడం. వీటికి తోడు వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూనె చిక్కబడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ ఆక్సీకరణం వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు ఒక లెక్క చెబుతారు.

ఖర్చయిపోయే వాటిలో ముఖ్యమైనది క్షారం. డీజిలులో గంధకం ఉంటే, అది మండి, నీటి ఆవిరితో కలిసి గంధకామ్లమవుతుంది. ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించడం మీరు పరీక్షనాళికలో చేసిందే. ఇంజనాయిలులో కూడా అదే జరుగుతుంది. 1990ల మధ్య వరకు మన దేశంలో డీజిలులో గంధకం ఒక శాతం దాకా ఉండేది. అంటే పది లక్షల పాళ్లకు 10,000 పాళ్లన్నమాట. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణం ప్రకారం 10 పాళ్లకు మించరాదు. వెయ్యో వంతు! కనుక పాతకాలం డ్రైవర్లు తొందరగా ఆయిలు మార్చారంటే వారికి తెలియక కాదు. ఆనాటి డీజిలుకు, ఆనాటి ఆయిలుకు ఆ లెక్క సరైనదే. ఇంధనం మారినా లెక్క మారకపోవడమే నేటి చిక్కు.

ఇక బయటినుండి వచ్చి చేరేవాటిలో మీరు ఊహించనిది ఒకటుంది. అది నీరు. ఇంజనులోకి నీరెక్కడినుండి వస్తుంది? పెట్రోలులో నుండే! పెట్రోలుకు బదులుగా ఆక్టేన్ తీసుకుందాం. దాని అణువులో 8 కార్బన్, 18 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది పూర్తిగా మండితే 9 నీటి అణువులు వస్తాయి. అంటే 114 గ్రాముల ఆక్టేన్ నుండి 162 గ్రాముల నీరు. పెట్రోలు లీటరుకు సుమారు 740 గ్రాములు తూగుతుంది. లెక్క కట్టి చూడండి, లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది!

ఈ నీరు ఆవిరిగా చాలావరకు పొగగొట్టంలో నుండి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లో నుండి కిందికి జారి ఆయిలులో కలుస్తుంది. చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు మండని పెట్రోలు కూడా దానితో పాటు దిగుతుంది. ఇంజను అరగంట, గంట నడిచి ఆయిలు బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరై పోతాయి. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే మాత్రం అక్కడే ఉండిపోతాయి. నీటి ముళ్లు వేడి చూపినంత మాత్రాన ఆయిలు వేడెక్కినట్లు కాదు, దానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇప్పుడు రెండు కార్లను ఊహించండి. ఒకటి తల్లాడ నుండి రోజూ ఖమ్మం పోయి వచ్చే అద్దె కారు. పోనురాను సుమారు 75 కిలోమీటర్లు. రెండోది ఒక వ్యాపారిది. ఇంటి నుండి దుకాణానికి రెండు కిలోమీటర్లు, రోజుకు నాలుగుసార్లు. అద్దె కారు పదివేల కిలోమీటర్లను ఐదు నెలలలోపే దాటుతుంది. ఆ లోగా ఇంజను చల్లగా స్టార్టయ్యేది సుమారు 270 సార్లు. వ్యాపారి కారు ఏడాదికి 2,400 కిలోమీటర్లే తిరుగుతుంది. పదివేలు నిండడానికి నాలుగేళ్ల పైన పడుతుంది, ఈలోగా 5,000 సార్లు స్టార్టవుతుంది! "మా కారు అసలు తిరగనే తిరగదు, ఆయిలెందుకు మార్చాలి?" అనే వారి కార్లలోనే ఆయిలు పాడవుతుంది. నేడు మన దేశంలో చాలా పెట్రోలు కార్ల పుస్తకాల్లో "10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందయితే అది" అని రాయడం ఇందుకే.

ట్రాక్టరు రైతు గంటల లెక్కలోనూ అర్థముంది. ట్రాక్టరు పొలంలో నిలబడి పంపు తిప్పినా ఇంజను నడుస్తూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం పెరగవు. కారును కూడా గంటల్లోకి మార్చి చూద్దాం. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పదివేల కిలోమీటర్లు పోవడానికి 250 గంటలు పడుతుంది. చూశారా, రైతు చెప్పిన అంకే వచ్చింది! నిమిషానికి 2,000 చుట్లు వేసుకుంటే, అంతసేపట్లో ఇంజను మూడు కోట్ల సార్లు తిరుగుతుంది. అదే కారు ఆగుతూ సాగుతూ సగటున 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, అవే పదివేల కిలోమీటర్లకు 500 గంటలవుతుంది. మీటరు మీద అంకె ఒకటే, నూనె పడిన పాటు రెట్టింపు.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. మన రోడ్ల దుమ్ములో ఇసుక నలుసులుంటాయి, అవి ఉక్కును కూడా గీస్తాయి. వాటిని ఆపేది గాలి ఫిల్టరు. అది చినిగితే ఎంత మంచి ఆయిలు పోసినా వృథాయే. దుమ్ములో, బరువులతో, చిన్నచిన్న దూరాలు తిరిగే బండ్లను కంపెనీల పుస్తకాలు "కఠిన పరిస్థితులు" అనే వేరే పట్టికలో చేర్చి, గడువును చాలావరకు సగం చేస్తాయి. ఆ పుట తిరగేసేవారు తక్కువ. బండి ఏ పట్టికలోకి వస్తుందో తేల్చుకుంటే సగం ప్రశ్న తీరినట్లే. నన్నడిగితే, మార్చే తేదీ కంటె గేజి తీసి ఆయిలు మట్టం చూసే అలవాటు ఇంకా ముఖ్యం. పాత ఆయిలుతో ఇంజను కొంతకాలం నడుస్తుంది, ఆయిలు అడుగంటితే నిమిషాల్లో పట్టేస్తుంది.

ఊహతో పని లేకుండా తేల్చే దారి కూడా ఉంది. మనిషికి రక్తపరీక్ష లాగా ఇంజనుకు నూనెపరీక్ష. 1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్వేవారు డీజిలు ఇంజన్ల ఆయిలును వర్ణపటమాపకంతో పరీక్షించడం మొదలుపెట్టారు. ఇనుము ఎక్కువుంటే సిలిండరు అరుగుతున్నట్లు, రాగి, సీసం ఉంటే బేరింగులు పోతున్నట్లు, సిలికాన్ ఉంటే దుమ్ము చొరబడినట్లు. తరువాత మన రైల్వేల డీజిలు షెడ్లు కూడా ఈ పద్ధతిని చేపట్టాయి. నీరు కలిసిందా అని చూడడానికి ప్రయోగశాలలో వేడి పలక మీద నూనెచుక్క వేస్తారు. పోపులో నీటిచుక్క పడినట్లు చిటపటలాడితే నీరున్నట్లే. (ఇది ఇంట్లో చేయకండి.)

మీరు చేయదగినది ఒకటి చెబుతాను. ఇంజను ఆపిన కాసేపటికి, పెద్దలను అడిగి గేజి తీయించండి. దాని కొస నుండి ఒక చుక్కను బడి ప్రయోగశాలలోని వడపోత కాగితం మీద పడనివ్వండి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి, వాడిన ఆయిలు చర్మానికి మంచిది కాదు. కాగితాన్ని గ్లాసు మూతి మీద పరచి ఒక రోజు వదిలేయండి. మసి మధ్య నుండి అంచుల దాకా క్రమంగా పలచబడుతూ పాకితే, సబ్బు గుణం ఇంకా ఉన్నదన్నమాట. నడిమధ్య దట్టమైన నల్లచుక్కగా, తెగినట్లున్న అంచుతో నిలిచిపోతే ఆ గుణం అయిపోయింది. ట్రాక్టరు, ఆటో, కారు చుక్కలను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటి ఎన్ని గంటలు నడిచిందో కింద రాయండి. ఇది ఆఖరి తీర్పు కాదు, ఆమ్లం సంగతి ఈ చుక్క చెప్పదు.

మార్చిన నూనె ఏమవుతుంది? మురికికాలువలో పోస్తే అది చెరువు చేరి నీటి మీద పొరలా పరుచుకుంటుంది. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమాల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న శుద్ధి కర్మాగారాలకే దాన్ని పంపాలి. అక్కడ ముందు నీటిని, పెట్రోలును ఆవిరి చేస్తారు. తరువాత పీడనం తగ్గించి స్వేదనం చేస్తారు. మసి, లోహాలు అడుగున మిగిలిపోతాయి. అసలు నూనె అరిగిపోలేదనుకున్నాం కదా, అది మళ్లీ తేటగా బయటికి వస్తుంది. కొత్తగా క్షారం, సబ్బు పదార్థాలు కలిపి దానిని తిరిగి డబ్బాల్లో నింపుతారు.