కోళ్లఫారమునకు బీమా: కంపెనీని ఎట్లు ఎన్నుకొనవలెను?



సికిందరాబాదు నుండి నాగపూరు రహదారి వెంట ఉత్తరముగా పోవుచు కొంపల్లిని దాటినచో, మేడ్చలు చేరుటకు ముందే కండ్లకోయ వచ్చును. ఒకప్పుడీ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరు పొందినది. నగరము పెరిగి, ఔటర్ రింగురోడ్డు వచ్చిన పిమ్మట పెక్కు తోటలు ఇండ్లస్థలములుగను గిడ్డంగులుగను మాఱినవి. అయినను మేడ్చలు, శామీరుపేట పరిసరములలో కోళ్లఫారములును, పాడిపశువులును, కూరగాయల మళ్లును, పాలీహౌసులును ఇంకను కలవు. నగరమునకు గ్రుడ్లు, పాలు, కూరలు అందించి బ్రదుకు రైతులు ఇంకను ఉన్నారు.

అట్టి రైతు నొకనిని ఊహింపుడు. ఆయనకు పదివేల గ్రుడ్లకోళ్లు, రెండు షెడ్లు, ఒక దాణాకొట్టు, ఆఱు గేదెలు కలవు. షెడ్లు కట్టుటకు బ్యాంకులో అప్పు చేసినాడు. ఒకనాడు ఇద్దఱు బీమా ఏజెంట్లు ఆయన గడపకు వచ్చిరి. ఒకరు ఏటికి నలువదివేల రూపాయల ప్రీమియము చెప్పిరి. రెండవవారు ఏబదిరెండువేలు చెప్పిరి. ఇరువురు చూపిన బీమా మొత్తము ఒక్కటే. ఎవరిని ఎన్నుకొనవలెను?

పండ్రెండువేలు మిగులుచుండగా ఆలోచన యెందుకని మనలో పెక్కుమంది అనుకొందుము. కాని బీమా యనునది దాణా బస్తా వంటి సరకు కాదు. బస్తాను విప్పి చూచి కొనవచ్చును. బీమాలో మనము కొనునది ఒక మాట మాత్రమే. ఆ మాట నిలుచునదో కాదో తెలియుట నష్టము కలిగిన దినముననే. కావున కంపెనీని ప్రీమియము కట్టు దినమును బట్టి కాక, నష్టము వచ్చు దినమును బట్టి ఎన్నుకొనవలెను. నేను చెప్పదలచినది ఇదియే.

మొదట ఒక భ్రమను తొలగించుకొందము. "మాకు ప్రభుత్వపు బీమా ఉన్నది గదా" యని కొందఱందురు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఆరంభమైన రైతు బీమా పథకము మిక్కిలి ఉపకారకమైనదే. పట్టాభూమి కలిగి, 18 మొదలు 59 ఏండ్ల వయస్సులో నున్న రైతు ఏ కారణముచేత మరణించినను, ఆయన నామినీకి అయిదు లక్షల రూపాయలు ముట్టునట్లు జీవిత బీమా సంస్థతో ప్రభుత్వము చేసికొన్న ఏర్పాటది. కాని అది రైతు ప్రాణమునకు బీమా. ఆయన షెడ్డునకు గాని, కోడికి గాని, గేదెకు గాని అది వర్తింపదు.

ఇక పంటల బీమా సంగతి. 2016 ఖరీఫునుండి అమలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఆహారధాన్యములకును నూనెగింజలకును ఖరీఫులో నూటికి రెండు, రబీలో నూటికి ఒకటిన్నర రూపాయలు, వాణిజ్య పంటలకును తోటపంటలకును నూటికి అయిదు రూపాయలు రైతు కట్టవలసిన గరిష్ఠ ప్రీమియము. ఈ పథకములో కంపెనీని రైతు ఎన్నుకొనడు. రాష్ట్రప్రభుత్వమే టెండర్లు పిలిచి, జిల్లాల సమూహమునకొక కంపెనీని నియమించును. రాష్ట్రమే పథకములో చేరనిచో రైతునకు ఆ ద్వారమే ఉండదు; తెలంగాణ 2020లో దీనినుండి వైదొలగినప్పుడు అట్లే జరిగినది. కనుక ప్రతి పంటకాలమునకు ముందుగా మీ మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు.

మఱి మన చేతిలోనున్న ఎన్నిక ఏది? షెడ్లు, దాణా, మోటార్లు, జనరేటరు, కోళ్లు, పశువులు, పనివాండ్రకు కలుగు ప్రమాదము: వీనికి చేయు సాధారణ బీమా. ఇక్కడనే రైతు తన వివేకమును వాడవలెను.

ఈ విషయమున మన పెద్దలు చూచిన చరిత్ర కొంత కలదు. బందరులో 1925లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. ఆ కాలమున దేశములో కంపెనీలు వర్షాకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. కొన్ని నిలిచినవి, కొన్ని ప్రజల సొమ్ముతో మునిగినవి. అందులకే 1938లో బీమా చట్టము వచ్చినది. 1956లో జీవిత బీమాయు, 1973 జనవరి 1నుండి సాధారణ బీమాయు ప్రభుత్వపరమైనవి. నూటయేడు కంపెనీలు నాలుగు కంపెనీలుగా కూడినవి. అటుపిమ్మట 1999నాటి చట్టముచే నియంత్రణసంస్థ ఏర్పడి, ప్రైవేటు కంపెనీలకు మరల ద్వారము తెఱచినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే ఉన్నది. ఇట్లు ఎన్నిక మరల మన చేతికి వచ్చినది. దానితోపాటు పొరపడు స్వేచ్ఛయు వచ్చినది.

నేడు ప్రతి కంపెనీయు తన బాధ్యతలను తీర్చు శక్తిని చూపు నిష్పత్తిని 1.50కి తగ్గకుండ నిలుపుకొనవలెనని నియమము. దానిని సాల్వెన్సీ నిష్పత్తి యందురు. ప్రతి కంపెనీయు ఈ లెక్కను ప్రకటింపవలెను. అంతకు తగ్గిన కంపెనీని గుఱించి తఱచి అడుగవలసినదే.

అయితే శక్తి కలిగియుండుట వేఱు, ఇచ్చుట వేఱు. కంపెనీ తీరును తెలిసికొనుటకు కొన్ని గుఱుతులు కలవు. నూఱు రూపాయల ప్రీమియమునకు పరిహారముల క్రింద ఎంత వ్యయమైనదో తెలుపు లెక్క నియంత్రణసంస్థ వార్షిక నివేదికలో ఉండును. అది మఱీ తక్కువైనచో కంపెనీ చేయి బిగువా యని సందేహింపవలెను. నూటికి మించి యేండ్ల తరబడి సాగినచో ఎంతకాలము నిలుచునా యని యోచింపవలెను. కాని మోటారుబండ్లు, ఆరోగ్యము, అన్నియు కలిపిన లెక్కను చూచి మోసపోకుడు. అగ్నిప్రమాదములకును పశువులకును సంబంధించిన లెక్కను వేఱుగా అడుగుడు. ఇంతకన్న నమ్మదగిన గుఱుతు మఱియొకటి: మీ చుట్టుపట్ల నిజముగా నష్టపడి పరిహారము కోరిన రైతును కలిసికొనుడు. "బీమా చేసితివా?" అని కాదు, "నష్టము వచ్చినప్పుడు ఎన్ని దినములకు, ఎంత వచ్చినది?" అని అడుగుడు.

ఇప్పుడు మన రైతు చేతిలోని రెండు కాగితములను విప్పుదము. మనము సాధారణముగా మొదటి పుటను చదివి సంతకము చేయుదుము. చదువవలసినది "వర్తింపనివి" అను భాగము. కోళ్లఫారమునకు నిజముగా వచ్చు ఆపదలేవి? మే నెల యెండలో కరెంటు పోయి ఫంకాలు ఆగినచో కోళ్లు వందలకొలది చచ్చును. వైర్లు రాజుకొని షెడ్డు అంటుకొనును. గాలివానకు రేకులు లేచిపోవును. రోగము దిగును. వీనిలో ఏవి పాలసీలో ఉన్నవి, ఏవి లేవు? వడదెబ్బ చావులు కొన్ని పాలసీలలో ఉండును, కొన్నింట ఉండవు. టీకాలు వేయించినట్లు దాఖలా లేనిచో కొన్ని రోగములకు పరిహారము దొరకదు. మామూలుగా చచ్చు కోళ్లకు, అనగా ప్రతి మందలోను సహజముగా కలుగు నష్టమునకు, ఏ కంపెనీయు ఇయ్యదు.

బర్డ్ ఫ్లూ మాట ప్రత్యేకముగా చెప్పవలెను. 2015 ఏప్రిలులో, నాటి రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలములోని తొఱ్ఱూరులో ఈ రోగము నిర్ధారణ కాగా, లక్షకు పైగా కోళ్లను అధికారులు చంపించిరి. రోగముచే చచ్చిన కోడి వేఱు, ప్రభుత్వాజ్ఞచే చంపబడిన కోడి వేఱు. అట్లు చంపిన కోళ్లకు ప్రభుత్వము పరిహారము నిచ్చును. పెక్కు బీమా పాలసీలు మాత్రము ఈ నష్టమును తమ పరిధినుండి తొలగించును. మీ పాలసీ ఏమి చెప్పుచున్నదో ఏజెంటుచేత వ్రాతమూలకముగా చెప్పించుకొనుడు. నోటిమాట గాలిమాట.

గేదెల విషయమున మఱియొక నియమము. చెవికి వేసిన బిళ్ల లేనిదే పరిహారము లేదు. బిళ్ల ఊడిపోయినచో వెంటనే తెలిపి క్రొత్తది వేయించుకొనవలెను. బీమా చేసిన మొదటి పదునైదు దినములలో రోగముతో చచ్చిన పశువునకు సాధారణముగా సొమ్ము రాదు.

ఇక లెక్కలో నొక చిక్కు. మన రైతు షెడ్లు ఇరువదిలక్షలు చేయుననుకొందము. ప్రీమియము తగ్గునని పదిలక్షలకే బీమా చేసెను. అగ్నిప్రమాదములో నాలుగులక్షల నష్టము కలిగెను. పదిలక్షలకు బీమా ఉన్నది గదా, నాలుగులక్షలును వచ్చునని ఆయన ఆశించును. కాని విలువలో సగమునకే బీమా చేసినందున నష్టములోను సగమే, అనగా రెండులక్షలే వచ్చును. తక్కిన సగమునకు రైతే తనకు బీమాదారుడైనట్లు లెక్క. 2021 ఏప్రిల్ 1నుండి అమలైన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అను పాలసీలో, అయిదుకోట్లకు మించని ఆస్తులున్న చిన్న సంస్థలకు, నూటికి పదునైదువఱకు నుండు కొఱతను లెక్కకు తీసికొనరు. అంతకు మించిన కొఱత రైతు నెత్తినే పడును. కావున విలువను ఉన్నదున్నట్లు వ్రాయించుడు. ఈ ప్రాంతమున నేల విలువ మిక్కిలి ఎక్కువ. దానిని అందులో కలుపనక్కఱలేదు. నేల కాలదు, కాలునది షెడ్డు.

ప్రతి నష్టములోను మొదట కొంత మొత్తమును రైతే భరింపవలెనను షరతు కూడ ఉండును. నలువదివేల ప్రీమియము వెనుక ఈ మొత్తము ఎంత దాగియున్నదో చూడుడు.

ఎవరి ద్వారా కొనవలెనన్నది మఱియొక ప్రశ్న. ఏజెంటు కంపెనీ మనిషి. బ్రోకరు చట్టరీత్యా కొనువాని పక్షమున పనిచేయవలసినవాడు; పలు కంపెనీల ధరలను పోల్చి చూపగలడు. ఎవరైనను లైసెన్సు సంఖ్యను చూపవలెను. అప్పిచ్చిన బ్యాంకు బీమా కావలెనని అడుగవచ్చును. కాని తాను ప్రతినిధిగా నున్న కంపెనీయందే చేయవలెనని రైతును నిర్బంధింపరాదు. పాలసీలో బ్యాంకు పేరు చేర్చినచో పరిహారము మొదట బ్యాంకునకే పోవునని మాత్రము ఎఱిగియుండుడు.

కంపెనీ మాట నిలువవలెనన్నచో మన మాటయు నిలువవలెను. బీమా ఒప్పందము పరమవిశ్వాసముపై నిలుచునది. షెడ్డు ప్రక్కనే గడ్డివాము ఉన్నచో ఉన్నదని చెప్పవలెను. గడచిన యేట నష్టము కలిగినచో దాచరాదు. ప్రీమియము కంపెనీకి చేరనిదే దానికి బాధ్యత పుట్టదని 1938నాటి చట్టమే చెప్పుచున్నది. గడువు దినమును మఱువరాదు. కోళ్లు కొన్న రసీదులు, టీకాల పుస్తకము, దాణా లెక్కలు, షెడ్ల ఛాయాచిత్రములు షెడ్డులో కాక ఇంటిలో దాచుడు. నష్టము కలిగిన వెంటనే కంపెనీకి తెలుపుడు. సర్వేయరు వచ్చి చూచువఱకు చచ్చిన కోళ్లను లెక్కలేకుండ పూడ్చివేయకుడు. పూడ్చక తప్పనిచో పశువైద్యుని ధ్రువపత్రమును, ఛాయాచిత్రములను సిద్ధపఱచుకొనుడు.

ఇన్ని చేసినను కంపెనీ అన్యాయముగా కాదన్నచో? మొదట కంపెనీకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తిగా లేకున్నను, ఏడాదిలోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చును. అందుకు రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. వ్యక్తులును, ఒక్కరే యజమానిగా నున్న వ్యాపారములును, సూక్ష్మసంస్థలును ఈ దారిని పట్టవచ్చును. పెద్ద సంస్థలకు వినియోగదారుల కమిషను, సివిలు కోర్టు కలవు.

మరల మన కండ్లకోయ రైతు కడకు వత్తము. రెండు కాగితములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివెను. నలువదివేల పాలసీలో వడదెబ్బ లేదు. ప్రతి నష్టములో మొదటి లక్ష తానే భరింపవలెను. ఏబదిరెండువేల దానిలో వడదెబ్బ ఉన్నది. తాను భరింపవలసినది ఇరువదివేలు. ఆయనకు మిగులు పండ్రెండువేలు ఒక్క మండువేసవి మధ్యాహ్నమున హరించిపోవును. ఒకవేళ కాగితములు ఇందుకు విరుద్ధముగా నుండినచో చవకదానినే కొనుట వివేకము. ధర ఎక్కువైన మాత్రమున మంచిదని నేను చెప్పుట లేదు. చదువక కొన్నది రెండును ప్రమాదమే.

కావున సోదరులారా, ఏజెంటు వచ్చినప్పుడు "ఎంత కట్టవలెను?" అని అడుగుటకు ముందు, "ఏ నష్టమునకు మీరు ఇయ్యరు?" అని అడుగుడు. దానికి తడబడక వ్రాసి యిచ్చిన కంపెనీతో బేరము ప్రారంభింపుడు.