నడిచే యంత్రానికి కొత్త సాక్షులు

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా పరిసరాలలో మరమగ్గాల పనికై తెలంగాణ నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. పండుగకో పెండ్లికో స్వగ్రామం వెళ్ళదలచినప్పుడు వారికి అక్కరకు వచ్చే రైళ్ళలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. అహమ్మదాబాదులో బయలుదేరి, సూరత్, వరంగల్లుల మీదుగా అది చెన్నై చేరుతుంది. అందులో మిగిలిన ఒకే ఒక బెర్తును సూరత్‌లో ఒకరు, వరంగల్లులో మరొకరు ఒకే క్షణాన కోరవచ్చు. అది ఇద్దరికీ దక్కితే రైలులో కలహమే.

మన దేశంలో రైల్వే రిజర్వేషన్‌కు 1985లో ఢిల్లీలో కంప్యూటర్ వచ్చింది. 1994లో సికిందరాబాదులో తొలిసారి అమలైన ‘కాన్సర్ట్’ వ్యవస్థ 1999 నాటికి ఐదు ప్రధాన కేంద్రాలనూ కలిపింది. ఇటువంటి బాధ్యతను ఏ సంస్థా ఒక్క యంత్రానికి అప్పగించదు. కొన్ని సర్వర్లను జట్టుగా కూర్చుతారు. దీనినే క్లస్టర్ అంటారు. ఒకటి కూలితే మరొకటి అందుకుంటుంది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. సర్వర్లు రెండూ బాగానే ఉండి, వాటి నడుమ తీగలు మాత్రమే తెగినవనుకుందాం. ‘అవతలివాడు పోయినాడు, ఇక పెత్తనం నాదే’ అని రెండూ భావిస్తాయి. ఒకే ఖాతాలో రెండూ రాయసాగితే లెక్కలు ఛిన్నాభిన్నమవుతాయి.

ఈ తగవు తీర్చటానికి వెరిటాస్ వంటి క్లస్టర్లలో ‘కోఆర్డినేటర్ డిస్కులు’ అనే మూడు చిన్న డిస్కులుంటాయి. వాటిలో ఖాతాదారుల వివరం ఒక్కటీ ఉండదు. ప్రతి సర్వరూ వాటిపై తన గుర్తును నమోదు చేసుకుంటుంది. తీగ తెగిన క్షణాన సర్వర్లు పరుగెత్తి, ఎదుటివాని గుర్తును తుడిచివేయజూస్తాయి. మూడింట రెండు గెలిచినది నిలుస్తుంది. ఓడినది, గ్రామ పెద్దల తీర్పుకు తలవంచినట్లు, తనను తానే ఆపివేసుకుంటుంది. సంఖ్య బేసిగా ఉండటంలోని కిటుకు ఇదే.

మరి ఆ డిస్కులే పాతబడితే? పడుగు అయిపోయి కొత్త నూలు అతకవలసి వస్తే నేతగాడు మగ్గం ఆపుతాడు. క్లస్టర్‌కు ఆ వెసులుబాటు అరుదు. అయినా ఒక్కొక్క సర్వర్‌లో విడివిడిగా మార్చుకుంటూ పోవటం ప్రమాదకరం. ఒకటి పాత సాక్షుల వద్దకు, మరొకటి కొత్తవారి వద్దకు పరుగెత్తితే ఇద్దరూ గెలుస్తారు! డిస్కు చెడిపోవటం కన్న ఇది ఎక్కువ భయంకరం.

అందుకే మార్పిడికి ప్రత్యేకమైన సాధనం ఉన్నది. ముందుగా కొత్త డిస్కులు గుర్తుల నమోదును సరిగా పాటిస్తున్నవో లేదో పరీక్షిస్తారు. ఒకే డిస్కు ఒక్కొక్క సర్వర్‌కు ఒక్కొక్క పేరుతో కనిపించవచ్చు గనుక, పేరు నమ్మక, క్రమసంఖ్యను సరిచూస్తారు. విసుగు పుట్టించే పనే, కాని తప్పించుకోదగినది కాదు. పిదప ప్రతి సర్వరూ కొత్త మూడింటిపైనా గుర్తు వేస్తుంది. పాత గుర్తులు అప్పటికింకా చెరగవు. అందరూ వేసినారని తేలిన తరువాతనే సాధనం ఇంజనీరు సమ్మతి అడిగి, ఒక్కసారిగా అందరినీ కొత్త జాబితాకు మళ్ళిస్తుంది. ఈలోగా ఒక్క సర్వర్ జట్టు విడిచినా ప్రయత్నం రద్దై, పాత మూడే కొనసాగుతాయి. ఇంజనీరు మళ్ళీ మొదటి నుండి ఆరంభించవలసినదే.