చీమకుర్తి క్వారీ: పని గంటల అసలు లెక్క

బంగారు చుక్కల నల్లరాయి బ్లాక్ గెలాక్సీ చీమకుర్తి నుంచే ప్రపంచ మార్కెట్‌కు వెళ్తుంది. ఈ రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 10 ఘనపు మీటర్ల బ్లాకు అంటే 30 టన్నులు. బ్లాకులో పగులు వస్తే ధర పోతుంది, బ్లాకు జారితే ప్రాణం పోతుంది. అందుకే క్వారీని నడిపే తీరులోనే కార్మికుడి క్షేమం, యజమాని లాభం రెండూ ఉన్నాయి.

200 రూపాయలు: 8 గంటల కూలి 800 అనుకుందాం. గంటకు 100. చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి, అంటే 200. మనిషి బాగా అలసిపోయి, చేయి తడబడే గంటకే యజమాని ఎక్కువ చెల్లిస్తున్నాడు.

55 గంటలు: వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. 35–40 గంటలు పనిచేసేవారితో పోల్చిన లెక్క ఇది. రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు చేయిస్తే 72 గంటలవుతాయి.

6 ప్రాణాలు: 2025 ఆగస్టులో బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. క్వారీలో ముప్పు తగ్గాలంటే షిఫ్టు మొదలయ్యే ముందు బెంచీ (మెట్టులా తవ్విన గట్టు) అంచున వదులు రాళ్లు చూసి దించేయడం, డ్రిల్లింగ్‌కు నీళ్లు పెట్టి దుమ్ము అణచడం, రాయిని కోసే వైర్ సా తీగను పరీక్షించడం రోజూ జరగాల్సిన పనులు. తీగ తెగితే దాని పూసలు తూటాల్లా దూసుకొస్తాయి. తీగకు ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూడాల్సింది మేస్త్రీయే.

17 శాతం: ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. యంత్రాల మరమ్మతులు, లోపాలు, సరుకు నిల్వల లెక్కలు రోజూ రాసి, వాటిపై మాట్లాడుకునే అలవాటు చేసిన మిల్లుల్లో తొలి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

క్వారీకీ ఇదే వర్తిస్తుంది. రాయిలో సన్నని పగులు ముందుగా కనబడేది డ్రిల్లర్‌కే. చెబితే తిడతారన్న భయం ఉంటే అతను నోరు విప్పడు, నష్టం బ్లాకు కోశాక బయటపడుతుంది.

యజమానులారా, ఈ నెల నుంచే మూడు పనులు మొదలుపెట్టండి: పని గంటల రిజిస్టరు నిజాయితీగా రాయండి, వారానికో సెలవు తప్పక ఇవ్వండి, ప్రమాదం ఉందని చెప్పిన కూలీకి కూలి కోయకండి.