అతిథి వచ్చే ముందు అరగంట

పోయిన ఏడాది మా తెలుగు క్లబ్ మీటింగ్‌కి గద్వాల దగ్గరి ఒక ఊరి నుంచి రిటైర్డ్ తెలుగు సార్ ఒకరు వచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి మాట్లాడమని మేమే పిలిచాం. ప్రతాపరెడ్డి గారు మన పాలమూరు మనిషి. 1926లో గోల్కొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకి జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోల్కొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో మన జిల్లా కవుల పేర్లు, వాళ్ల ఊర్లు ఏరి స్లైడ్స్ చేసుకొచ్చారు సార్. "మీ మీ ఊర్లు ఉన్నయేమో చూసుకోండ్రి" అని చెప్పాలని ఆయన ప్లాన్.

నేను అప్పుడు సీఎస్ఈ ఫస్టియర్. "సిస్టమ్ సంగతి నువ్వు చూసుకో" అన్నారు సీనియర్లు. అదేం పెద్ద పని, పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ ఓపెన్ చేయడమే కదా అనుకున్నాను. ఓపెన్ చేశాను. స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, పర్సెంట్ గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి.

సార్ కళ్లద్దాలు సరిచేసుకుని చూశారు. "ఇదేం లిపి బిడ్డా? మూడు దినాలు డీటీపీ షాపుల కూసోని కొట్టిచ్చిన. ఆడ మంచిగనే కనవడ్డది."

ఫైల్ మూసి తెరిచాను. సిస్టమ్ రీస్టార్ట్ చేశాను. ఫాంట్ మార్చి చూశాను. పది నిమిషాలు పోయాయి. ఆయన స్కాన్ చేసి పెట్టిన పాత ఫొటోలు మాత్రం బాగానే కనిపించాయి, అక్షరాలే రాలేదు. చివరికి ఆయనే "ఇడిసిపెట్టు బిడ్డా" అని ఫోల్డర్ మూయించి, గుర్తున్నంత చెప్పి వెళ్లిపోయారు. బాగానే చెప్పారు. కానీ ఆ ఊర్ల పేర్లు మేం చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఆయనది కాదని నాకు తెలుసు. నవ్విన వాళ్లకి తెలియదు. అసలు ఏం జరిగిందో తెలుసుకుని రాస్తే, రేపు ఇంకో కాలేజీలో ఇంకో పెద్దాయనకి ఇలా జరగదని ఈ వ్యాసం.

అక్షరాలు ఎందుకు పగిలాయి?

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, నంబర్లే తెలుసు. డీటీపీ షాపుల్లో చాలాకాలంగా వాడుతున్న అనూ లాంటి పాత ఫాంట్లు ఒక చిట్కా మీద నడుస్తాయి. ఫైల్‌లో దాచేది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. ఆ నంబర్ దగ్గర తెలుగు బొమ్మ గీసి పెట్టేది ఫాంట్. అంటే ఆ ఫాంట్ ఒక ముసుగు లాంటిది. షాపు సిస్టమ్‌లో ముసుగు ఉంది, తెలుగు కనిపించింది. మా సెమినార్ హాల్ సిస్టమ్‌లో లేదు, ముసుగు కింద ఉన్న ఇంగ్లీషు బయటపడింది. ఇంకో తెలుగు ఫాంట్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఏ నంబర్ దగ్గర ఏ బొమ్మ పెట్టాలో తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంది. ఫొటోలు బాగా కనిపించడానికి కారణం కూడా ఇదే. ఫొటోకి ఫాంట్‌తో పనిలేదు.

యూనికోడ్ ఈ గొడవ తీర్చింది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది. 3072 నుంచి 3199 దాకా ఉన్న 128 స్థానాలు తెలుగుకి ఇచ్చారు. 'క' అంటే ప్రపంచంలో ఎక్కడైనా 3093. 'క్ష' కోసం వేరే నంబర్ లేదు. 3093, తర్వాత పొల్లు 3149, తర్వాత 'ష' 3127. ఈ మూడూ వరసగా వస్తే కలిపి 'క్ష'గా చూపించాలని సాఫ్ట్‌వేర్‌కి తెలుసు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి కాబట్టి, యూనికోడ్‌లో కొడితే ఇప్పటి ఏ సిస్టమ్‌లోనైనా కనీసం చదవగలిగేలా కనిపిస్తుంది.

స్క్రీన్ చూసి జబ్బేమిటో చెప్పేయవచ్చు. ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తే అది పాత ఫాంట్ ఫైల్. డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అక్షరం ఉంది, దాన్ని గీసే ఫాంట్ లేదు. వత్తులు కిందికి దిగకుండా విడివిడిగా నిలబడితే, నంబర్లు సరిగ్గానే ఉన్నాయి, కలిపే పని సాఫ్ట్‌వేర్ చేయట్లేదు. అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం, సేవ్ చేసేటప్పుడే అక్షరాలు పోయి ఉంటాయి. అసలు ఫైల్ మళ్లీ తెప్పించుకోవాల్సిందే.

మందు కూడా సులువే. వచ్చే అతిథిని "ఫైల్ పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి సార్" అని అడగాలి. పీడీఎఫ్ మామూలుగా ఫాంట్‌ని తనలోనే మోసుకొస్తుంది. పవర్‌పాయింట్‌లో కూడా సేవ్ ఆప్షన్లలో ఫాంట్లు ఫైల్‌లో కలిపే సౌకర్యం ఉంది, కానీ అన్ని ఫాంట్లూ అందుకు ఒప్పుకోవు. పీడీఎఫ్ అయితే నిశ్చింత. ఆ రోజు సార్‌ని ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

వైర్లు

ప్రొజెక్టర్ వెనక సాధారణంగా రెండు రకాల కనెక్షన్లు ఉంటాయి. నీలం రంగులో 15 పిన్నులది వీజీఏ. 1987లో ఐబీఎం తెచ్చింది. బొమ్మ మాత్రమే తీసుకెళ్తుంది, సౌండ్ వెళ్లదు. దానికి వేరే ఆడియో వైర్ కావాలి. సన్నగా ఉండేది హెచ్‌డీఎంఐ, 2002లో వచ్చింది. బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైర్‌లో వెళ్తాయి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. హెచ్‌డీఎంఐ పెట్టగానే ల్యాప్‌టాప్ సౌండ్‌ని ప్రొజెక్టర్‌కి పంపేస్తుంది. హాల్‌లో పెద్ద స్పీకర్లు ఊరికే ఉంటాయి, వీడియో సౌండ్ ఎక్కడో పైనుంచి దోమలా వినిపిస్తుంది. కంగారు పడకుండా టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు మీద నొక్కి అవుట్‌పుట్ మార్చాలి.

కొత్త ల్యాప్‌టాప్‌లకి టైప్-సి మాత్రమే ఉండొచ్చు. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి వస్తుందని గ్యారంటీ లేదు. కొన్నింటికి చార్జింగ్, డేటా తప్ప వీడియో ఉండదు. అందుకే ముందు రోజే ఫోన్ చేసి "సార్, మీ ల్యాప్‌టాప్ ఏది? పక్కన ఏ పోర్టులు ఉన్నాయి, ఒక ఫొటో పంపగలరా?" అని అడగడం మంచిది.

స్క్రీన్ రాకపోతే విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కాలి. డూప్లికేట్ అంటే రెండు చోట్లా ఒకటే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే రెండూ వేరు. స్లైడ్ ఎదుటివాళ్లకి, నోట్స్ తనకి కనిపించాలనుకునే వాళ్లకి ఎక్స్‌టెండ్ పెట్టాలి. ఏది పెట్టినా ముందు వాట్సాప్ మూసేసి నోటిఫికేషన్లు ఆపాలి. అతిథి ఇంటి విషయాలు 150 మంది చదవకూడదు కదా.

మైకు

కుయ్యిమని చెవులు చిల్లులు పడే సౌండ్ అందరికీ తెలుసు. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెద్దదై మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది. అలా గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోతుంది. మనవాళ్లు వెంటనే మైకుని అరచేత్తో మూస్తారు. దానితో ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే తల దగ్గర మూస్తే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కోవడం మొదలుపెడుతుంది. చేయాల్సింది వాల్యూమ్ తగ్గించడం, మైకుని స్పీకర్ బాక్సుల వెనక వైపుకి జరపడం, నోటికి దగ్గరగా పట్టుకోమని చెప్పడం. దూరం రెట్టింపైతే మైకుకి చేరే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అది పూడ్చడానికి వాల్యూమ్ పెంచుతాం, పెంచగానే కుయ్యిమంటుంది.

ల్యాప్‌టాప్ ఆడియో పెట్టగానే 'గుయ్' అని సన్నటి మోత వస్తే ఒకసారి చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ సమస్య అని అర్థం. ఆ గంటసేపు బ్యాటరీ మీద నడిపించండి. కార్డ్‌లెస్ మైకుకి కొత్త సెల్స్ వేయడం, జేబులో ఇంకో జత పెట్టుకోవడం చిన్న విషయమే, కానీ సగం మీటింగ్‌లు దాని దగ్గరే ఆగుతాయి.

వెలుతురు, కరెంటు

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు స్లైడ్‌లో 20 సైజు సరిపోతే తెలుగుకి అది చాలదు. 28కి తక్కువ కాకుండా, లైన్ల మధ్య కాస్త ఎక్కువ జాగా వదిలితే చివరి బెంచీ వాళ్లు చదవగలరు. హాల్ లైట్లన్నీ ఆపకండి, స్క్రీన్ దగ్గరివి ఆపితే చాలు. అతిథి ముఖం కూడా కనిపించాలి.

ఎండాకాలం పాలమూరులో కరెంటు గురించి నేను చెప్పక్కర్లేదు. బల్బు ప్రొజెక్టర్ ఆపేటప్పుడు రిమోట్‌తో ఆపి, లోపలి ఫ్యాన్ తిరగడం ఆగేదాకా ప్లగ్ పీకకూడదు. వేడి బల్బు చల్లారకముందే ఫ్యాన్ ఆగితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది. వీలైతే సిస్టమ్‌తో పాటు ప్రొజెక్టర్‌ని కూడా యూపీఎస్ మీద పెట్టించండి. స్లైడ్స్ ప్రింట్ ఒకటి పోడియం మీద ఉంచండి. అన్నీ పోయినా ఆ కాగితం ఉంటుంది.

మనిషి

ఇవన్నీ నేర్చుకున్నాక తెలిసింది, సగం పని వైర్లది కాదని. అతిథి ల్యాప్‌టాప్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. "నేను చూడొచ్చా సార్?" అనాలి. ఏదైనా ఆగితే ఆయన తప్పన్నట్టు మొహం పెట్టకూడదు. "మా సిస్టమ్‌తోనే ఇబ్బంది సార్, రెండు నిమిషాలు" అని మైకులో చెప్పాలి. అప్పుడు ఎవరూ నవ్వరు. మీటింగ్ అయిపోయాక మన సిస్టమ్‌లోకి కాపీ చేసిన ఆయన ఫైల్ డిలీట్ చేసి, పెన్‌డ్రైవ్ చేతికివ్వాలి.

మళ్లీ పిలిచాం

ఈ ఏడాది ఆ సార్‌ని మళ్లీ రమ్మన్నాం. వస్తారనుకోలేదు. ఫైల్ పది రోజుల ముందే తెప్పించుకుని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. కన్వర్టర్ కొన్ని వత్తులు తినేసింది, కొన్ని ఊర్ల పేర్లు తారుమారు చేసింది. సరిచూడాలంటే తెలుగు రావాలి. నేనేమో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. బస్సు బోర్డులు చదువుతాను గానీ పద్యం చదవాలంటే కూడబలుక్కోవాలి. రోజూ సాయంత్రం సార్‌కి ఫోన్ చేసి ఒక్కో లైన్ చదివేవాణ్ణి. "అది బండి ర బిడ్డా, మామూలు ర కాదు" అని ఓపిగ్గా దిద్దేవారు. నాలుగు సాయంత్రాలు పట్టింది. నా జీవితంలో నేను చదివిన మొదటి తెలుగు పద్యాలు అవే, ఫోన్‌లో.

మొదటి స్లైడ్‌కి ఏ ఫాంట్ పెట్టాలా అని వెతికితే 'సురవరం' అనే ఫాంటే దొరికింది. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో అదొకటి. ప్రతాపరెడ్డి గారి పేరే దానికి పెట్టారు. హెడ్డింగులకి బాగుంటుంది.

ఆ రోజు అరగంట ముందే వచ్చి అన్నీ సరిచూసుకున్నాను. స్లైడ్ పడింది. సార్ ఆ అక్షరాల వైపు కొద్దిసేపు చూసి, నా వైపు తిరిగి తల ఊపారు, అంతే. ఊర్ల పేర్లున్న స్లైడ్ రాగానే మధ్య బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "సార్, అది మా ఊరే!" అంది. "ఔనా తల్లీ, మీ ఇంటి పేరేంది?" అని సార్ పోడియం దిగి ఆమె దగ్గరికి వెళ్లారు. చేతిలో మైకు ఉంది, స్పీకర్ బాక్సుల ముందుకి పోతున్నారు. నేను పరుగెత్తుకెళ్లి వాల్యూమ్ తగ్గించాను.

వచ్చే నెల మీటింగ్‌కి ఇద్దరు జూనియర్లు కావాలి. కోడింగ్ రాకపోయినా పర్లేదు. అరగంట ముందు వస్తే చాలు.