కారులోని గాలిపంకా

గత వేసవిలో మా వదినగారు జ్వరముతో నున్న నెలలబిడ్డ నెత్తుకొని అమలాపురమునుండి రాజమహేంద్రవరమునకు కారులో బయలుదేఱిరి. కొత్తపేట దాటకముందే చల్లగాలి నిలిచిపోయెను. మీటను కడపటి యంకెకు త్రిప్పినప్పుడు మాత్రము గాలి హోరున వీచును. ఆ హోరునకు బిడ్డ యేడ్చును. తగ్గించినచో గాలియే లేదు. రావులపాలెమువద్ద గౌతమి వంతెన దాటునప్పటికి బిడ్డ చెమటతో తడిసిపోయెను. వైద్యునిచెంత బిడ్డకు నెమ్మదించినది గాని, “అమ్మాయీ, కారెక్కుట నేర్చితిమి, దానిలోపల నేమున్నదో యొకనాడైన చూచితిమా?” అని ఆమె నన్నడిగిరి. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

సోదరీమణులారా! కారులోని చల్లదనమునకు రెండు పనులు జరుగవలెను. ఇంజనుచే తిరుగు కంప్రెసరు గ్యాసును పిండి పంపగా, డాష్‌బోర్డు వెనుకనున్న సన్నని గొట్టములు చల్లబడును. ఆ గొట్టములమీదుగా గాలిని మనపైకి తోలునది బ్లోయరను చిన్న విద్యుత్పంకా. గాలి వచ్చుచు చల్లగా లేకున్న దోషము మొదటిదానియందు వెదకవలెను. గాలియే రాకున్న బ్లోయరునందు వెదకవలెను. ఈ భేద మెఱుగక, గాలి రాని కారునకు గ్యాసు నింపించుట వృథావ్యయము. (1940 నాటి ప్యాకార్డు కారులో మొదటిసారి యీ యేర్పాటు వచ్చినప్పుడు, చల్లదనము వలదనుకొన్నచో ఇంజనువద్ద బెల్టునే యూడదీయవలసి యుండెడిదట! మనకు మీటయైన నున్నది.)

మీట తక్కువ యంకెలయందున్నప్పుడు విద్యుత్తు రెసిస్టరను చిన్న పరికరముగుండ పోయి తగ్గును. పంకా మెల్లగా తిరుగును. కడపటి యంకెయందు విద్యుత్తు తిన్నగా మోటారునకు చేరును. కావున కడపటి వేగమున మాత్రమే గాలి వచ్చినచో మోటారు తిరుగుచునే యున్నది, రెసిస్టరు కాలియుండును. వేడిని తానే సరిచూచుకొను ఆటోమాటిక్కు ఏసీలలో నమరిక వేఱు. అక్కడ నీ గుర్తు చెల్లదు.

మా వదినగారికి మొదట దొరికిన మెకానిక్కు మోటారంతయు మార్చవలెననెను. రెండవయాతడు రెసిస్టరు మార్చెను. నెల తిరుగకుండ నదియు కాలెను! మూడవయాతడు పెద్దవాడు. ఎడమవైపు సొరుగు విప్పి, దాని వెనుకనున్న ఫిల్టరును లాగెను. దాళ్వా కోతలకాలమున దారిపొడుగున ఆరబోసిన ధాన్యపు పొట్టు, దుమ్ము దానియందు అట్టకట్టి యుండెను. లోపల పంకాచక్రమున ఎలుక చేర్చిన గడ్డి! రెసిస్టరు ఆ గాలిదారిలోనే యుండి ఆ గాలిచేతనే చల్లబడును. ఫిల్టరు మూసికొన్నచో దానికి గాలి చాలదు. గడ్డి యడ్డపడి చక్రము బిగిసినచో మోటారు విద్యుత్తును మిక్కిలిగా లాగును. రెండును గలిసి రెసిస్టరును కాల్చినవి. కారణము తొలగింపక కాలినదానినే మార్చుట యెంతటి తెలివి!

ఏ యంకెయందును గాలి రాకున్న ముందు ఫ్యూజును చూడవలెను. కాలియున్నచో అదే యాంపియరుది వేయవలెను. తీగముక్క చుట్టుట నిప్పుతో నాటలాడుటయే. క్రొత్తదియు వెంటనే కాలినచో ఇక మెకానిక్కునకే విడువుడు. ఫ్యూజు బాగున్నచో మీట వేసియుంచి సొరుగు క్రిందిభాగమున మెల్లగా తట్టి చూడుడు. తట్టినంతనే పంకా తిరిగినచో లోపలి కార్బను బ్రష్షు లరిగియుండవచ్చును. ఇల్లు చేరుదురు గాని మోటారునకు ఆయువు తక్కువ. టకటక చప్పుడు ఆకో పుల్లయో పడిన గుర్తు. గంటసేపు చల్లగా వీచి క్రమముగా గాలి సన్నగిల్లి, కొంతసే పాపిన పిదప మరల వచ్చుచున్నచో గొట్టములపై మంచు పేరుకొన్నదేమో చూపింపవలెను.

దారిలో గాలి నిలిచినప్పుడు అద్దములు దింపి, నీడను నిలిపి, పిల్లలను క్రిందికి దింపుడు. ఎండలో మూసిన కారు పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు వేడెక్కును. “ఇప్పుడే వత్తు” నని బిడ్డ నందు విడిచి మెకానిక్కుకొఱకు పోరాదు.

ఫిల్టరు నెప్పుడు మార్చవలెనో కారుతో నిచ్చిన పుస్తకమున నుండును. మన డెల్టాలో నది చాలదని నా యభిప్రాయము. సార్వా, దాళ్వా కోతలు ముగియగనే చూచుట మేలు. మా వదినగా రిప్పుడు ధాన్య మిల్లు చేరిన మఱునాడే సొరుగు విప్పి ఫిల్టరును వాకిట దులుపుచున్నారు. కారును గడ్డిమేటు ప్రక్కన నిలుపుటయు మానిరి.