అద్భుతేతిహాస నవలయందు ప్రియపాత్రలు, అప్రియపాత్రలు

కథను చదువువాడు ఒక పాత్రను మెచ్చుటయు, వేఱొక పాత్రను ఏవగించుకొనుటయు సహజము. ఒకడు మెచ్చిన పాత్రను మఱియొకడు నిందించుటయు అంతే సహజము. చిన్నకథల విషయమున ఈ వాదము శీఘ్రముగనే ముగియును. వేలకొలది పుటలు గలిగి, ఒక సంపుటమునకును మఱియొక సంపుటమునకును నడుమ ఏండ్లు గడచు బృహత్కథల విషయమున దీనికి అంతము కానరాదు. ఆంగ్లమున ‘ఎపిక్ ఫాంటసీ’ అని వ్యవహరింపబడు నవలాశాఖ ఇట్టిది. దీనినే ఈ వ్యాసమున ‘అద్భుతేతిహాస నవల’ అందుము. ఈ నవలల పాఠకులలో ‘ఈతడు మంచివాడా, చెడ్డవాడా?’ అను వాదము పెక్కు దశాబ్దములుగా సాగుచున్నది. ఆ వాదమున ఎవరు గెలిచిరి అనునది మా విచారమునకు విషయము కాదు. ఒక పాత్ర ప్రియమగుటకును, మఱియొకటి అప్రియమగుటకును కారణము ఆ పాత్రల గుణమేనా, కథ చెప్పిన తీరా? ఇదియే ఇచట పరిశీలింపదగిన ప్రశ్న.

1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన టోల్కీన్ రచన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఏ పక్షము ధర్మపక్షమో పాఠకునికి మొదటినుండియు తెలియును. బోరోమిర్, గొల్లమ్ వంటి పాత్రలు అందు కలవరము కలిగించినను, పక్షవిభాగము చెదరదు. అమెరికా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రచించుచున్న ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అను నవలామాల స్థితి వేఱు. ఇందలి మొదటి సంపుటము ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 1996లో వెలువడినది. ఐదవదియగు ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’ 2011లో వెలువడినది. సంకల్పించిన ఏడింటిలో కడపటి రెండు సంపుటములు ఇంకను రావలసియున్నవి. 2011 నుండి 2019 వఱకు దూరదర్శనమాలికగా వచ్చిన రూపమును మేము ఇచట గ్రహింపలేదు. మా పరిశీలనకు ఆధారమైన ఒక రచనాలక్షణము నవలయందు మాత్రమే స్ఫుటముగా గోచరించుటయే అందుకు కారణము.

ఆ లక్షణమేమనగా, పెక్కు అధ్యాయములకు ఒక వ్యక్తి పేరే శీర్షిక. కథనము ప్రథమపురుషమందే నడచును. అయినను ఆ వ్యక్తి కనినది, వినినది, తలచినది మాత్రమే పాఠకునికి తెలియును. మొదటి సంపుటమున, ప్రస్తావనాధ్యాయమును విడిచినచో, ఇట్టి ద్రష్టలు ఎనమండుగురు. తరువాతి సంపుటములలో వీరి సంఖ్య పెరిగినది. ఒకనికి అధ్యాయము నిచ్చుట యనగా వానికి తన పక్షమును వినిపించుకొను అవకాశము నిచ్చుట. ఈయకుండుట యనగా పరుల కన్నులతోనే వానిని చూపుట.

జేమీ లానిస్టర్ పాత్ర ఇందుకు ప్రధానోదాహరణము. మొదటి సంపుటమున ఏడేండ్ల బాలుడగు బ్రాన్ పాడుబడిన బురుజు నెక్కి, రాణియగు సెర్సీయు, ఆమె కవల సోదరుడగు జేమీయు ఏకాంతమున నుండుటను చూచును. రహస్యము బయటపడకుండ జేమీ ఆ బాలుని క్రిందికి త్రోయును. బాలునికి కాళ్లు శాశ్వతముగా పోవును. ఆ అధ్యాయమున ద్రష్ట బ్రానే. కావున పాఠకుడు ఆ బాలునితోపాటు తానును పడినట్లనుభవించును. ఇంతకుమించి ఒక పాత్రను ద్వేషించుటకు కారణమేమి కావలెను? అయినను 2000లో మూడవ సంపుటము వెలువడిన పిమ్మట పెక్కుమంది పాఠకులకు జేమీ ప్రియపాత్రయైనాడు.

ఈ మార్పు ఎట్లు సంభవించినదో క్రమము ననుసరించి చూతము. మూడవ సంపుటమున ప్రస్తావన ముగిసిన వెంటనే వచ్చు అధ్యాయము జేమీది. అదియే అతనికి తొలి అధ్యాయము. పిదప శత్రువులు అతని ఖడ్గహస్తమును నఱుకుదురు. అతని ప్రతిష్ఠయంతయు ఆ చేతియందే యుండెను. శోకము ఇట్లు సిద్ధమైన తరువాతనే హారెన్‌హాల్ స్నానశాలలో అతడు బ్రియెన్ అను యోధురాలితో తన పూర్వకథ చెప్పును. తాను సేవించిన రాజగు ఏరిస్ నగరమునంతను దహింప నెంచెననియు, ఆ దహనమును ఆపుటకే తాను అతనిని చంపితిననియు తెలుపును. లోకము ‘రాజహంత’ అని ఈసడించిన వాడే నగరరక్షకుడని పాఠకునికి అచట తెలియును.

ఇచట ఒక విశేషము గమనింపదగియున్నది. జేమీ చెప్పిన సమాధానము రాజవధకు సంబంధించినది. బ్రాన్‌ను త్రోసిన నేరమునకు అందు సమాధానము లేదు. ఒక నేరమునకు లభించిన క్షమను పాఠకుడు తనకు తెలియకయే మఱియొక నేరమునకును విస్తరింపజేసినాడు. ఇందుకు రచనయందే ఒక సౌకర్యము కలదు. పడిన పిమ్మట బ్రాన్ మనస్సున ఆ ఘటన మఱుగుపడినది. తన్ను త్రోసినవాడెవడో ఆ బాలుడు చెప్పజాలడు. బాధితుడే సాక్ష్యము చెప్పనిచోట నేరస్థుని మాటయే చెవులలో నిలుచుట సహజము కదా!

దీనికి ప్రతిగా సాన్సా పాత్రను చూడుడు. కథారంభమున ఆమె పదునొకండేండ్ల బాలిక. రాజకుమారుని పెండ్లాడుదునను కలలో నున్నది. తండ్రి తన్ను ఇంటికి పంపనున్నాడని తెలిసి, అచటనే యుండవలెనను ఆశతో, ఆ సంగతిని రాణికి చెప్పును. తండ్రి బందీయగును, పిదప వధింపబడును. ఈ కారణముచే సాన్సాను తండ్రికి ద్రోహము చేసినదానిగా నిందించు పాఠకులు పలువురు.

మేమును ఈ పొరపాటు చేసితిమని చెప్పుకొనుటకు సంకోచింపము. కొన్ని ఏండ్ల క్రిందట మా గోష్ఠిలో ఈ కథను ప్రస్తావించుచు, తండ్రి పతనమునకు సాన్సాయే హేతువని మేము తేల్చి చెప్పితిమి. ఒక పరిశోధక విద్యార్థిని లేచి, ‘అయ్యా, ఆ తండ్రి తనకు రహస్యము తెలియునని రాణికి స్వయముగా చెప్పలేదా?’ అని అడిగినది. మేము గ్రంథమును మరల తెఱచి చూచితిమి. ఆమె మాట నిజము. ఎడ్డార్డ్ స్టార్క్ రాణి బిడ్డలపై దయదలచి, పాఱిపొమ్మని ఆమెను ముందుగా హెచ్చరించెను. నగరరక్షకభటులను ధనముతో తనవైపు త్రిప్పెదనని మాటయిచ్చిన లిటిల్‌ఫింగర్ రాణిపక్షమున చేరెను. ఇద్దఱు పెద్దల కార్యములకు నడుమ ఒక బాలిక మాట కలదు. తండ్రి చేసినదానిని ‘దయ’ అంటిమి. మంత్రి చేసినదానిని ‘నేర్పు’ అంటిమి. బాలిక చేసినదానిని మాత్రమే ‘ద్రోహము’ అంటిమి. ఆ విద్యార్థిని అంతటితో ఆగక, ‘బాలుని బురుజునుండి త్రోసినవానిని మన్నించినారు గదా!’ అని కూర్చుండినది. ఆ దినమున మాకు ప్రత్యుత్తరము తోపలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినదే.

కేట్లిన్ పాత్ర విషయమును ఇట్టిదే. మూర్ఛితుడైయున్న కుమారుని శయ్యచెంత కూర్చుండిన ఆ తల్లి, వీడ్కోలు చెప్పవచ్చిన జాన్ స్నోతో, ఆ దశ నీకే పట్టియుండవలసినదను భావము వచ్చునట్లు పలుకును. ఆ మాట క్రూరమే. అయినను ఆ ఘట్టము జాన్ అధ్యాయమున నున్నదని మఱవరాదు. గాయపడిన యువకుని హృదయమునుండి పాఠకుడు ఆమెను చూచుచున్నాడు. రాత్రింబవళ్లు నిద్రయెఱుగని తల్లి స్థితి ఆమె అధ్యాయమున వేఱుగా కలదు. ఆ రెండింటిని కలిపి చదివిన పాఠకునికి ఆ మాట క్రూరముగనే తోచును, కాని ఆమె క్రూరురాలని తోపదు.

‘అట్లైనచో అధ్యాయమిచ్చిన మాత్రముననే పాత్ర ప్రియమగునా?’ అని శంకింపవచ్చును. కాదు. 2005లో వచ్చిన నాలుగవ సంపుటమున సెర్సీకి అధ్యాయములు లభించినవి. చిన్ననాడు వినిన జోస్యమువలన కలిగిన భయము ఆమెను వెంటాడుచున్నదని మనకు తెలియును. అయినను జేమీకి లభించిన ప్రీతి ఆమెకు లభింపలేదు. జేమీ అంతరంగము లోకమెఱుగని ఒక సత్కార్యమును వెల్లడించినది. సెర్సీ అంతరంగము లోకము అనుమానించిన దానినే దృఢపఱచినది. మఱియొకవైపు శాండర్ క్లెగేన్‌కు ఒక్క అధ్యాయమును లేదు. నిరపరాధియగు మాంసవిక్రేత కుమారుని అతడు చంపెను. అయినను బాల్యమున అన్న తన ముఖమును కాల్చిన వృత్తాంతమును అతడు సాన్సాకు చెప్పిన నాటినుండి పలువురకు అతనిపై మక్కువ ఏర్పడినది. కావున ప్రీతికి హేతువులు మూడని మాకు తోచుచున్నది: ఎవరి కన్నులతో చూచితిమి అను దృష్టి, ఏది ముందు, ఏది వెనుక తెలిసినది అను క్రమము, బాధితునికి నోరున్నదా లేదా అను సాక్ష్యము.

మన ఆలంకారికులు ఈ విషయమున ఏమి చెప్పిరి? దండి కావ్యాదర్శమున ప్రతినాయకవర్ణనమునకు రెండు మార్గములు చూపెను. నాయకుని గుణములనే చెప్పి శత్రువును ఓడించుట ఒకటి. శత్రువు వంశమును, శౌర్యమును, విద్యను కొనియాడి, అట్టివానిని గెలిచిన నాయకుని ఉత్కర్షను చూపుట రెండవది. దండికి రెండవదే ప్రియము. ఈ రెండింటను నాయకుడెవడో ముందే నిశ్చితము. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున విద్యానాథుడు తన లక్షణగ్రంథమును నాయకప్రకరణముతోనే ఆరంభించుటయు ఈ నిశ్చయమునే తెలుపుచున్నది. మార్టిన్ రచనలో ఈ నిశ్చయము లేదు. తన అధ్యాయమున నాయకుడైనవాడు ప్రక్క అధ్యాయమున ప్రతినాయకుడగును. పాఠకులు వాదించుకొనుట ఈ అనిశ్చయఫలమే.

ఇక రసానుభవమునకు కలుగు విఘ్నములలో, సుఖదుఃఖములను ‘ఇవి నావి, ఇవి పరునివి’ అని పట్టుకొని కూర్చుండుటను అభినవగుప్తుడు ఒకటిగా పేర్కొనెను. ప్రియపాత్రకు తరఫుదారుగా నిలిచిన పాఠకుడు ఈ విఘ్నమునకే లోబడినవాడు. ఐదవ సంపుటమున సెర్సీ కేశములు తొలగించి, ఆమెను వివస్త్రగా నగరవీథులలో నడిపించు ఘట్టము కలదు. ఆమెను ఏవగించుకొనువారిలోను పలువుర హృదయమచట కరగినది. ప్రీతి లేకయే కరుణ కలుగునని దీనివలన స్పష్టము.

ఇందువలన మూడు వస్తువులను వేఱుచేయవలసియున్నది: పాత్రపై ప్రీతి, పాత్ర చేసిన పనిపై తీర్పు, పాత్రవలన కలిగిన రసము. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. 1977లో వచ్చిన ‘దానవీరశూర కర్ణ’ చలనచిత్రమందలి సుయోధనుని సంభాషణలను ఉత్సాహముతో వల్లించువారు ద్రౌపదీపరాభవమును సమర్థించువారు కారు. వారియందు ప్రీతియు తీర్పును ఒకదానినొకటి చెఱుపకయే నిలిచియున్నవి. బృహన్నవలల పాఠకులు తఱచుగా ఈ రెండింటిని కలిపివేయుదురు. నచ్చినవాని నేరమునకు హేతువు వెదకుదురు. నచ్చనిదాని హేతువును నేరముగా నెంచుదురు. మూడవ సంపుటమునకును నాలుగవదానికిని నడుమ ఐదేండ్లును, నాలుగవదానికిని ఐదవదానికిని నడుమ ఆఱేండ్లును గడచినవి. అంతకాలము గ్రంథము మాటాడకున్నపుడు పాఠకుని అభిప్రాయమే గ్రంథముగా గట్టిపడుటలో వింతలేదు.

ఈ విచారమువలన బోధకులకు కలుగు ప్రయోజనమును చెప్పి ముగింతుము. పరీక్షాపత్రములలో ‘పాత్రచిత్రణమును విమర్శింపుడు’ అని అడిగినపుడు విద్యార్థులు గుణదోషముల పట్టికను వ్రాయుదురు. ఆ పట్టిక ఎవరి కన్నులతో చూచి సిద్ధపఱచినదో వారిని మనము అడుగుట లేదు. దండన పొందిన పాత్రకు నోరున్నదా, క్షమ పొందిన నేరము సమాధానము లభించిన నేరమేనా అనియు అడుగుట లేదు. థియాన్ గ్రేజాయ్ పాత్ర ఐదవ సంపుటమున పొందిన చిత్రహింసను చదివి కంటతడి పెట్టినవారున్నారు. ఆ కంటతడి ఉచితమే. రెండవ సంపుటమున అతని దుష్కార్యమునకు బలియైన పిండిమర యజమాని కుమారులిద్దఱకు గ్రంథమున పేరులైనను లేవు. అధ్యాయములేని వారిని, పేరులేని వారిని జ్ఞప్తియందుంచుకొనుట విమర్శకుని ధర్మము. నాడు ఆ విద్యార్థిని మాకు నేర్పిన పాఠము ఇదియే.